రీడింగుల రోజు

మా బడిలో భూమి గురుత్వ త్వరణం పంతొమ్మిదేళ్లుగా తొమ్మిదీ పాయింట్ ఎనిమిది. పైకప్పు కారింది, ప్రహరీ గోడ ఒక పక్క కూలింది, ముగ్గురు పెద్దసార్లు మారారు, అది మాత్రం దశాంశమైనా కదల్లేదు. ఎందుకు కదల్లేదో సూటిగా చెప్పేస్తాను. దాన్ని మా బడిలో ఎవరూ కొలవలేదు.

నేను ఆ బడిలో ఫిజిక్స్ టీచర్ని. పిల్లలు నా వెనకాల నన్ను "కరెంట్ టీచర్" అంటారు. పాఠం బాగా చెబుతానని పెట్టిన పేరు కాదు, ముట్టుకుంటే షాక్ కొడతానని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి మా ఆయనకి పెళ్లైన మూడో రోజున తెలిసింది, పిల్లలకి మొదటి పీరియడ్‌లోనే తెలిసిపోతుంది.

రూలు ప్రకారం ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ ల్యాబ్‌లో ఆరు ప్రయోగాలు చేయాలి. చూసిన కొలతలు, అంటే రీడింగులు, రికార్డు పుస్తకంలో రాయాలి. వేరే బడి నుంచి ఎగ్జామినర్ వచ్చి, రికార్డు తిరగేసి, రెండు ప్రశ్నలడిగి, ముప్ఫైకి మార్కులు వేసి పోతాడు. వినడానికి బాగానే ఉంటుంది. లోలకం ప్రయోగమే తీసుకోండి. దారానికి ఇనుప గుండు కట్టి ఊపాలి, ఇరవై ఊపులకి ఎంతసేపు పట్టిందో చూడాలి, దాని నుంచి గురుత్వ త్వరణం లెక్కకట్టాలి. కావలసినవి నాలుగే: దారం, గుండు, స్కేలు, స్టాప్ వాచీ. ఆ నాలుగూ మా ల్యాబ్‌లో ఒకేసారి ప్రాణాలతో ఉండగా నేను చూసిన పాపాన పోలేదు. ల్యాబ్‌లో ఉన్నవి కాళ్లు విరిగిన బెంచీలు, పాత హాజరు పట్టీల కట్టలు, చిరిగిన ఆటల పరుపులు. ల్యాబ్ అటెండరు రిటైరయ్యాక ఆ పోస్టులో ఎవరినీ వేయలేదు. తాళంచెవి పెద్దసారు సొరుగులో ఉంటుంది.

అందుకని పరీక్షలకి నెలన్నర ముందు ఒక మధ్యాహ్నం మా తరగతిలో "రీడింగుల రోజు" జరుగుతుంది. ఆ పేరు పిల్లలే పెట్టారు. నేను బోర్డు మీద పట్టికలు గీసి అంకెలు నింపుతాను, వాళ్లు ఎక్కించుకుంటారు. నూరు సెంటీమీటర్ల పొడవుకి ఇరవై ఊపులు, నలభై పాయింట్ ఒకటి సెకన్లు. అయితే ముప్ఫై ఆరు రికార్డుల్లో ఒకే అంకెలుంటే బాగుండదు. కళ్లు మూసుకోవడానికి ఎగ్జామినర్‌కి కూడా ఏదో ఒక సాకు కావాలి కదా. అందుకని వరుసకో రకంగా మారుస్తాను. "మొదటి వరుస వాళ్లు ఉన్నది ఉన్నట్టు రాయండి. రెండో వరుస వాళ్లు ఒక పాయింట్ కలపండి. మూడో వరుస వాళ్లు ఒకటి తీసేయండి. గోడ పక్క వాళ్లు నాలుగో రీడింగు మాత్రం మార్చండి." కూరలో ఉప్పు వేసినట్టు, అబద్ధంలో కాస్త పొరపాటు కలపాలి. అప్పుడే అది నిజంలా ఉంటుంది. ఇన్నేళ్లలో నాకు బాగా వంటబట్టిన విద్య ఇదొక్కటే.

ఆ ఏడు రీడింగుల రోజున రెండో వరుసలోంచి ఒక చెయ్యి లేచింది.

"టీచర్, ఇవి ఎవరు కొలిచారు?"

తరగతంతా గొల్లుమంది. అడిగిన అమ్మాయిని అందరూ "కాటా" అంటారు. వాళ్ల నాన్న దుకాణాల్లో తూకం కాటాలు బాగుచేసే మనిషి. చెక్కపెట్టెలో రాళ్లు పెట్టుకుని దుకాణం దుకాణం తిరుగుతాడు. ఒక్కొక్క కాటా మీదా రాళ్లు పెట్టి చూసి, ఎంత తేడా ఉందో కాగితం మీద రాసి, సరిచేసి ఇస్తాడు. సెలవు రోజుల్లో పిల్ల కూడా వెంట వెళ్లేది. రాళ్లు తను పెట్టేది, అంకెలు తనే రాసేది.

"ఎవరో పెద్దవాళ్లు కొలిచారులే. నువ్వు రాయి," అన్నాను.

"మనం కొలిస్తే కూడా ఇవే వస్తాయా టీచర్?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. అది పిల్ల మీద కోపం కాదని అప్పుడు కూడా తెలుసు. పంతొమ్మిదేళ్లలో ఏడెనిమిది వందల మంది ఆ అంకెలు ఎక్కించుకున్నారు. ఒక్కరు కూడా ఆ మాట అడగలేదు. అడగకుండా పెంచింది ఎవరు మరి? ఆ సాయంత్రం పెద్దసారు దగ్గరికి వెళ్లి తాళంచెవి అడిగాను. ఆయన నావైపు జాలిగా చూసి, "ఈ వయసులో మీకెందుకండీ దుమ్ము," అన్నారు.

బెంచీలు పక్కకి నెట్టి, నేనూ కాటా ఒక మూల చోటు చేసుకున్నాం. దారం నేను ఇంటి నుంచి తెచ్చాను. గుండు దొరికింది. స్టాప్ వాచీ మూగనోము పట్టింది, నా ఫోనుతో సరిపెట్టాం. చెక్క స్కేలు ఒకటి ఉంది. దాని మొదటి కొన, అక్కడి గీతలతో సహా అరిగిపోయింది. ఆ తర్వాత మూడు వారాలు బడి వదిలాక రోజూ గంటసేపు ఆ పిల్ల లోలకం ఊపింది, నేను ఊపులు లెక్కపెట్టాను. ఎన్నో ఊపు దగ్గర ఉన్నానో మర్చిపోతే నన్ను కసిరేది. "టీచర్, పద్నాలుగు. మళ్లీ మొదటి నుంచి." నన్ను కసిరిన పిల్ల ఈ బడిలో ఇంకొకరు లేరు. ఆ మూడు వారాలు నేను చాలా సంతోషంగా ఉన్నాను. ఇంట్లో కూనిరాగం తీస్తున్నానని మా ఆయన కంగారుపడి జ్వరమా అని అడిగారు.

అయితే తొమ్మిదీ పాయింట్ ఎనిమిది రాలేదు. పొట్టి దారానికి పదీ పాయింట్ రెండు వచ్చింది. దారం పొడవు పెంచేకొద్దీ తగ్గుతూ వచ్చి, నూరు సెంటీమీటర్ల దగ్గర పదికి పిసరంత తక్కువలో ఆగింది. ఎన్నిసార్లు చేసినా అంతే. మన చేతిలోనే ఏదో తేడా ఉందిలే అన్నాను. కాటా ఒప్పుకోలేదు. గ్రాఫు కాగితం మీద చుక్కలన్నీ పెట్టి గీత గీసింది. గీత చక్కగా తిన్నగానే వచ్చింది, కాకపోతే సున్నా గుండా పోవాల్సింది పక్కకి జరిగింది. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి, స్కేలు అరిగిన కొనని బొటనవేలితో తడిమింది.

"ఇది రెండు సెంటీమీటర్లు తింటోంది టీచర్. ఖాళీ కాటా రెండు గ్రాములు చూపిస్తే అన్ని తూకాల్లోనూ ఆ రెండూ ఉంటాయి కదా, అలాగే. చిన్న తూకానికి ఎక్కువ దెబ్బ, పెద్దదానికి తక్కువ."

గీత వాలు నుంచి లెక్క కడితే తొమ్మిదీ పాయింట్ ఏడు ఎనిమిది వచ్చింది. నేను చదివిన చదువుకి అర్థం ఏమిటో ఒక కాటాలవాడి కూతురు దుమ్ములో కూర్చుని చూపించింది. ఇంటికెళ్లి మా ఆయన ముందు కూర్చుని ఏడ్చేశాను. ఆయన బస్సు డిపోలో గుమాస్తా, లోలకం ఊసు తెలియదు. అయినా ఓపిగ్గా విన్నారు.

కాటా రికార్డులో లోలకం రీడింగులన్నీ వచ్చినవి వచ్చినట్టే రాసింది. పట్టికలో ఒక్క వరుసలో కూడా తొమ్మిదీ పాయింట్ ఎనిమిది లేదు. కింద గ్రాఫు, స్కేలు తప్పు, దాన్ని ఎలా పట్టుకుందో వివరం.

రికార్డులు అప్పగించే ముందు రోజు పెద్దసారు నన్ను పిలిచారు. ఆయన చెడ్డమనిషి కాదు. ఆ మాట మొదటే చెప్పకపోతే అన్యాయం అవుతుంది. పట్నంలో సైన్సు కాలేజీ ఉంది, హాస్టలుతో సహా పైసా ఫీజు లేదు. మా బడి నుంచి ఇంతవరకు ఎవరికీ అందులో సీటు రాలేదు. ప్రాక్టికల్స్‌లో ఇరవై ఎనిమిది దాటితేనే దరఖాస్తు తీసుకుంటారు. కాటాకి అది వస్తుందని బడంతా ఆశపడుతోంది. సీటు రాకపోతే చదువు ఆపి, తండ్రితోపాటు కాటాలు మోయడమే.

"వచ్చే ఎగ్జామినరు రోజుకి నాలుగు బళ్లు చూడాలి," అన్నారు పెద్దసారు. "గ్రాఫు చదువుతూ కూర్చోడు మేడమ్. పట్టిక చూస్తాడు. అంకెలు తప్పుగా కనపడతాయి, ఎర్ర గీత కొడతాడు. పోయినేడు పక్క బడిలో ఇలాగే ఒక అమ్మాయికి ఎనిమిది మార్కులు కోసేశారు."

"నేను పక్కనుండి చెబుతాను సార్."

"చెప్పండి. ఇది నిజంగా చేసిన రికార్డని చెప్పండి." ఆయన గొంతు తగ్గించారు. "మరి మిగతా ముప్ఫై అయిదూ ఏమిటని అడిగితే ఏం చెబుతారు?"

ఆ తర్వాత నేను చేసిన పని కాటా సీటు కోసమేనని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. ఒక్క నిజమైన రికార్డు పక్కన పెడితే ముప్ఫై అయిదు దొంగ రికార్డులు బట్టబయలవుతాయి, వాటి వెనక నా పంతొమ్మిదేళ్లూ బయటపడతాయి. ఆ పిల్ల భవిష్యత్తు కంటే ముందు నా పరువు గుర్తొచ్చింది. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, ఎవరికీ ఉపయోగం లేకపోయినా.

ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూములో కాటాని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. లోలకం కాగితాలు నాలుగూ రికార్డులోంచి నేనే ఊడదీసి చింపేశాను. కొత్త కాగితాలు ఇచ్చి, రెండో వరుస రీడింగులు రాయమన్నాను.

"నాది తప్పా టీచర్?"

"తప్పు కాదు."

"మరి?"

"వాళ్లకి చూసే తీరిక ఉండదమ్మా. సీటు వచ్చాక కాలేజీలో నీ ఇష్టం వచ్చినట్టు కొలుచుకో. ఇప్పటికి రాసెయ్."

"నాన్న ఇలా రాస్తే ఆయన్ని దుకాణాల్లోకి రానివ్వరు టీచర్."

"నాన్న పని వేరు, ఇది వేరు," అన్నాను. నాకు మళ్లీ కోపం వచ్చింది, గొంతు పెరిగింది. "అన్నీ తెలిసినట్టు మాట్లాడకు. నీ మంచికే చెప్తున్నాను."

ఆ పిల్ల తల వంచుకుని గుండ్రటి అక్షరాలతో రాయడం మొదలుపెట్టింది. నాలుగో రీడింగు దగ్గర పెన్ను ఆపి, "ఇక్కడ ఒక పాయింట్ తగ్గించనా టీచర్? మరీ తిన్నగా ఉంది," అంది. తగ్గించమన్నాను. ఆ క్షణంలో నాకు భయం వేయాల్సింది. కానీ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను.

ఇంట్లో చెబితే మా ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "ఇన్నేళ్లూ అందరి చేతా రాయించావు, హాయిగా తిన్నావు, తిరిగావు. ఇవాళ ఒక్కర్తి చేత రాయిస్తే ముద్ద దిగడం లేదేం?" అన్నారు. దెప్పడానికి అనలేదు, నిజంగానే తెలియక అడిగారు.

ఎగ్జామినర్ వచ్చాడు. పెద్దసారు చెప్పినటువంటి మనిషి కాదు. నెరిసిన జుట్టు, నెమ్మది మాట. తొందర లేదు. ముప్ఫై మంది రికార్డులు మౌనంగా తిరగేసి, మార్కులు వేసుకుంటూ పోయాడు. వాటి సంగతి ఆయనకి తెలుసని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకీ తెలుసు. కాటా వంతు వచ్చింది.

"లోలకం నువ్వే చేశావా అమ్మా?" అన్నాడు, ఏదో మొక్కుబడిగా.

ఈ పిల్ల ముక్కుసూటి మనిషి, ఉన్నదంతా కక్కేస్తుంది అనుకున్నాను. కక్కేస్తే బాగుండునని కూడా ఒక్క క్షణం అనిపించింది.

"నేనే చేశాను సార్," అంది. ఎక్కడా తడబడలేదు. "ఇరవై ఊపులు ఎందుకంటే, ఒక్క ఊపుకైతే వాచీ నొక్కడంలో పొరపాటు పెద్దదవుతుంది సార్. నాలుగో రీడింగులో ఒక పాయింట్ తగ్గింది, చూడండి. అప్పుడు కిటికీలోంచి గాలి వచ్చింది. మళ్లీ చేద్దామనుకున్నాను కానీ, వచ్చింది వచ్చినట్టే రాయాలని మా టీచర్ చెప్పారు."

ల్యాబ్‌లో కిటికీ లేదు. ఎగ్జామినర్ కూర్చున్నది స్టాఫ్ రూములో, ఆయనకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? ఆయన మొహం విప్పారింది. ముప్ఫైకి ముప్ఫై వేసి, నావైపు తిరిగి, "ఇలాంటి పిల్ల బడికొకరున్నా చాలు మేడమ్," అన్నాడు. ఆయన కళ్లలో తడి చూశాను. ఆయన కూడా ఎన్నేళ్లుగానో అలాంటి పిల్ల కోసం వెతుకుతున్నాడని అప్పుడు అర్థమైంది. చింపేసిన ఆ నాలుగు కాగితాలూ చూపించాల్సింది ఈయనకే. అవి అప్పటికే చెత్తబుట్ట దాటి పోయాయి. కాటా నావైపు చూసి చిన్నగా నవ్వింది. సరిగ్గా చెప్పానా టీచర్, అని అడిగినట్టుంది ఆ నవ్వు.

సీటు వచ్చింది. పెద్దసారు గేటు దగ్గర బోర్డు రాయించారు. అందరూ నన్ను అభినందించారు. నేను కూడా నవ్వాను.

కాలేజీ తెరవడానికి వారం ముందు కాటా వాళ్ల నాన్న బడికి వచ్చాడు. సన్నటి మనిషి. రాళ్ల పెట్టె గుమ్మం బయట పెట్టి, చెప్పులు విడిచి, కుర్చీ వేసినా కూర్చోలేదు.

"మీ దయవల్ల సీటు వచ్చిందమ్మా. దానికి థాంక్స్ చెప్పాలి. ఇంకో మాట కూడా ఉంది," అని ఆగాడు. "పోయిన వారం నాకు ఒంట్లో బాగాలేదు. పెద్ద దుకాణంలో అయిదు కాటాలు చూసి రమ్మని పాపని పంపాను. అరగంటలో వచ్చేసింది. కాగితం చూసి ఎంత సంబరపడ్డానో. ఒకదానికి గ్రాము ఎక్కువ, ఒకదానికి అర గ్రాము తక్కువ, మూడోదానికి రెండు గ్రాములు ఎక్కువ. నేను చూసినా అలాగే వస్తాయి. చక్కగా రాసింది. మర్నాడు దుకాణాయన ఇంటికొచ్చి నలుగురిలో చెడామడా తిట్టాడు."

"ఎందుకు?"

"మూడో కాటా అక్కడ లేనే లేదమ్మా. దాన్ని ముందురోజే వేరే కొట్టుకి పంపేశాడట. లేని కాటాకి తూకం రాసింది." ఆయన గుమ్మం బయటి రాళ్ల పెట్టె వైపు చూశాడు. "మిగతా నాలుగింటి మీద కూడా రాయి పెట్టలేదట. అడిగితే, ఎలాగూ అంతే వస్తాయి కదా నాన్నా అంది. ఏడేళ్ల వయసు నుంచి నాతో తిరుగుతోంది. అర గ్రాము తేడా వస్తే అన్నం తినేది కాదు. ఈ మధ్య దానికేమైనా అయిందేమో తెలియడం లేదు. మీ మాటంటే దానికి గురి. ఒక్కసారి మీరు కూర్చోబెట్టి చెప్పండి."

అప్పుడైనా చెప్పేయాలనుకున్నాను, చెప్పేశాను కూడా.

"అది నేనే నేర్పానండి. కొలవకుండా రాయడం నేను నేర్పాను. మీ అమ్మాయి వద్దంటే కసిరి మరీ రాయించాను."

ఆయన నావైపు అయోమయంగా చూశాడు. తర్వాత మెల్లగా నవ్వాడు. పెద్దవాళ్లు మర్యాదకి తప్పు తమ మీద వేసుకుంటే నవ్వుతామే, అలా నవ్వాడు.

"ఊరుకోండమ్మా. మీరు అలాంటివి నేర్పుతారా? ఎక్కడో చెడు సావాసం పట్టింది. రేపు పంపిస్తాను, కాస్త గట్టిగానే చెప్పండి."

చేతులు జోడించి, పెట్టె భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు. వెనక్కి పిలిచి మళ్లీ చెప్పవచ్చు. పిలిచినా నమ్మడని తెలిసి ఆగానో, నమ్ముతాడేమోనని ఆగానో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మర్నాడు కాటా వచ్చింది. తల దువ్వుకుని, శుభ్రమైన బట్టలు కట్టుకుని, చెప్పిన టైముకే వచ్చింది. కూర్చోమన్నాను, కూర్చుంది. నేను తప్పు చేశానన్నాను. ఆ కాగితాలు చింపకుండా ఉండాల్సిందన్నాను. నీ లెక్కే సరైనది, నా జన్మలో అంత మంచి పని చూడలేదన్నాను. ఇకనుంచి కొలవకుండా ఒక్క అంకె కూడా రాయనని నాకు మాట ఇవ్వమన్నాను. చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆ పిల్ల అడ్డు చెప్పకుండా, కళ్లు దించకుండా, తరగతిలో పాఠం విన్నట్టు అంతా విన్నది.

"అలాగే టీచర్," అంది.

వరండాలో ఎవరో బెంచీ ఈడుస్తున్నారు.

"నేను ఇంటికెళ్లగానే నాన్న అడుగుతారు, నేను ఏం ఒప్పుకున్నానని," అంది మెల్లగా. "ఏం చెప్పమంటారు టీచర్? మీరు చెప్తే అదే చెప్తాను."

నా జవాబు కోసం మర్యాదగా ఎదురుచూస్తూ అలాగే కూర్చుంది.